ఉబ్బు సిరల శస్త్రచికిత్సలో మత్తు: అవసరమైనంతే

కాలి సిరలు ఉబ్బి మెలికలు తిరిగే వెరికోస్ వెయిన్స్ వ్యాధికి శస్త్రచికిత్స చేయించుకోదలచిన వారిలో చాలామంది సర్జన్ ఎవరు, ఖర్చు ఎంత, ఎన్ని రోజులు సెలవు పెట్టాలి అన్న విషయాలను ముందే విచారించుకుంటారు గాని, మత్తు ఏ విధంగా ఇస్తారన్న సంగతిని శస్త్రచికిత్స నాటి ఉదయం థియేటర్ గుమ్మం దగ్గర తెలుసుకుంటారు. అప్పటికి అడిగే వ్యవధి గాని, ఆలోచించుకునే స్థిమితం గాని మిగలవు. ఈ వ్యాధి అపెండిసైటిస్ వలె గంటల్లో ప్రాణం మీదికి తెచ్చేది కాదు. ఏళ్ళ తరబడి నెమ్మదిగా ముదిరేది, శస్త్రచికిత్స తేదీని రోగి, వైద్యుడు తీరికగా కలిసి నిర్ణయించుకోగలిగినది. అందువల్ల మత్తు వలన కలిగే ప్రమాదం వ్యాధి పెట్టే బాధను మించకూడదన్న నియమం ఇక్కడ తక్కిన శస్త్రచికిత్సల కంటె గట్టిగా వర్తిస్తుంది. చేయబోయే చికిత్సకు సరిపడినంత మత్తు ఉండాలి, అంతకు మించి ఉండనవసరం లేదు. ఏది సరిపడుతుందో తెలియాలంటే ముందు కాలిలో ఏం జరుగుతుందో తెలియాలి.

కాలి నుంచి గుండె వైపు రక్తాన్ని చేర్చే సిరలలో, రక్తం పైకే పోయేలా చూసే చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. అవి సరిగా మూసుకోనప్పుడు నిలుచున్న మనిషి కాలిలో రక్తం కిందికి జారి, చర్మం అడుగున ఉన్న సిరలలో నిలిచి, వాటిని సాగదీస్తుంది. సాయంత్రానికి కాళ్ళు బరువెక్కడం, చీలమండ దగ్గర వాపు, దురద, చర్మం నల్లబడటం, చివరకు మానని పుండు పడటం అన్నీ ఇందువల్లనే. శస్త్రచికిత్స లక్ష్యం ప్రధానంగా రెండు సిరలు. మొదటిదైన గ్రేట్ సఫీనస్ సిర చీలమండ లోపలి వైపు మొదలై, మోకాలి పక్కగా, తొడ లోపలి భాగం మీదుగా గజ్జ దాకా పోయి లోతైన సిరలో కలుస్తుంది. రెండవదైన స్మాల్ సఫీనస్ సిర పిక్క వెనుక భాగాన మోకాలి మడత వరకు పోతుంది. రెండూ చర్మానికి దగ్గరగానే ఉంటాయి గనుక, కడుపును గాని ఛాతీని గాని తెరిచే పని ఉండదు గనుక, ఒకే వ్యాధికి ఇన్ని రకాల మత్తు సాధ్యమవుతున్నది.

సిరకు చేసే పనిని బట్టి మత్తు

జర్మన్ సర్జన్ ఫ్రెడరిక్ ట్రెండెలెన్‌బర్గ్ 1890లో సఫీనస్ సిరను తొడ భాగంలో కట్టివేసే పద్ధతిని వివరించాడు. 1907లో అమెరికాకు చెందిన బాబ్‌కాక్ సిర లోపలికి తీగను పంపి మొత్తం సిరను బయటికి లాగివేసే స్ట్రిప్పింగ్ పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఇరవయ్యవ శతాబ్దమంతా ఈ రెండింటి కలయికే ప్రామాణిక చికిత్సగా సాగింది. గజ్జ దగ్గర కోత పెట్టి, తొడ పొడవునా సిరను లాగే ఈ చికిత్సలో నొప్పి పుట్టే ప్రాంతం పెద్దది కావడం వలన, వెన్ను మత్తు గాని పూర్తి మత్తు గాని తప్పనిసరి అన్న అభిప్రాయం స్థిరపడింది. ఆ అభిప్రాయం ఆ శస్త్రచికిత్సకు న్యాయమైనదే; అయితే శస్త్రచికిత్స మారిన తరువాత కూడా పలు చోట్ల అది అలవాటుగా కొనసాగుతున్నది.

గత పాతికేళ్ళలో సిరను లాగివేయడానికి బదులు లోపలి నుంచే కాల్చి మూసివేసే పద్ధతులు వచ్చాయి. అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ, సూది రంధ్రం ద్వారా సన్నని లేజర్ తీగను గాని, రేడియో తరంగాలతో వేడెక్కే గొట్టాన్ని గాని సిరలోకి పంపుతారు. రేడియో తరంగాల గొట్టాలలో విస్తృతంగా వాడే రకం 7 సెంటీమీటర్ల సిర భాగాన్ని ఒక్కో విడతలో 20 సెకన్ల పాటు 120 డిగ్రీల సెల్సియస్ వేడికి గురిచేస్తుంది. సిర గోడలు ముడుచుకుపోయి, క్రమంగా మూసుకుపోతాయి. బ్రిటన్‌లోని నైస్ అనే వైద్య ప్రమాణాల సంస్థ 2013 జులైలో వెలువరించిన మార్గదర్శకాలలో ఇటువంటి వేడి చికిత్సను మొదటి ఎంపికగాను, అది కుదరనప్పుడు నురుగు మందు ఇంజెక్షన్‌ను రెండవదిగాను, స్ట్రిప్పింగ్‌ను ఆ రెండూ కుదరనప్పుడు మాత్రమే చేయవలసినదిగాను పేర్కొన్నది. ఈ వరుసను పాటిస్తే మత్తుకు సంబంధించిన సగం ప్రశ్నలకు జవాబు దానంతటదే దొరుకుతుంది, ఎందుకంటే మొదటి రెండు చికిత్సలకూ కాలికి పరిమితమైన మత్తు చాలు.

వేడి లేకుండా సిరను మూసే పద్ధతులు కూడా ఉన్నాయి. సైనోయాక్రిలేట్ అనే వైద్య జిగురును సిరలో చుక్కలు చుక్కలుగా వదిలి, పైనుంచి నొక్కి అతికించడం వాటిలో ఒకటి. దీనికి సూది గుచ్చే చోట చిన్న ఇంజెక్షన్ తప్ప వేరే మత్తు అక్కరలేదు. నురుగు మందు చికిత్సకు అదీ అక్కరలేదు. ఆ నురుగుగా వాడే మందులలో ఒకటైన పోలిడోకనాల్ మొదట్లో స్థానిక మత్తుమందుగానే తయారైనదన్న విషయం చాలామందికి తెలియదు. జిగురుకు ఖర్చు ఎక్కువ, నురుగుకు సిర తిరిగి తెరుచుకునే అవకాశం ఎక్కువ. కాబట్టి మత్తు భయం ఒక్కటే కారణంగా వీటిని ఎంచుకోవడం తెలివైన పని కాదు.

ట్యూమెసెంట్ మత్తు

లేజర్, రేడియో తరంగాల చికిత్సలకు నేడు ప్రపంచమంతటా ప్రధానంగా వాడే మత్తు ఇది. కాలిఫోర్నియాకు చెందిన చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ కొవ్వు తొలగించే శస్త్రచికిత్స కోసం దీనిని రూపొందించి 1987లో ప్రకటించగా, తరువాతి కాలంలో సిరల వైద్యులు దానిని తమ అవసరానికి మలచుకున్నారు. పద్ధతి సూక్ష్మంగా ఇది: లిడోకెయిన్ అనే స్థానిక మత్తుమందును సెలైన్‌లో బాగా పలుచన చేసి, రక్తనాళాలను కుదించే అడ్రినలిన్‌ను అతి స్వల్పంగా కలిపి, మందు మంట పుట్టించకుండా సోడియం బైకార్బొనేట్ చేర్చి, ఆ ద్రవాన్ని అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సిర చుట్టూ, దాని పొడవునా నింపుతారు. ద్రవం పరిమాణం సాధారణంగా సెంటీమీటరు సిరకు సుమారు 10 మిల్లీలీటర్లు; ఒక తొడకు పావు లీటరు నుంచి అర లీటరు దాకా పట్టవచ్చు.

ఈ ద్రవం చేసే పని నొప్పి తగ్గించడంతో ఆగదు. అది సిరను అన్ని వైపుల నుంచి నొక్కి, లోపలి రక్తాన్ని ఖాళీ చేసి, సిర గోడ వేడి తీగకు ఆనుకునేలా చేస్తుంది. సిరకూ చర్మానికీ, సిరకూ పక్కనున్న నాడికీ మధ్య నీటి గోడలా నిలిచి వేడిని పీల్చుకుంటుంది. అడ్రినలిన్ వలన రక్తస్రావాన్ని, కమిలిన మచ్చలను తగ్గిస్తుంది. ఇక్కడ రోగి తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. వెన్ను మత్తు ఇచ్చినా, పూర్తి మత్తు ఇచ్చినా, వేడి చికిత్సలో సిర చుట్టూ ద్రవం నింపడం తప్పదు. లిడోకెయిన్ లేని ఉత్త సెలైన్ అయినా నింపి తీరాలి. అంటే వేడి చికిత్సకు వెన్ను మత్తు ఇవ్వడమంటే సూదులను తప్పించడం కాదు, ఆ సూదులు తెలియకుండా ఉండేందుకు మరో సూదిని, దాని పర్యవసానాలను అదనంగా స్వీకరించడం.

మెలకువగా ఉండటంలో మరో రక్షణ కూడా ఉన్నది. మోకాలి దిగువన సఫీనస్ నాడి గ్రేట్ సఫీనస్ సిరకు దాదాపు ఆనుకుని సాగుతుంది. పిక్క వెనుక స్మాల్ సఫీనస్ సిర పక్కన సూరల్ నాడి ఉంటుంది. వేడి ఆ నాడులకు సోకితే పాదం అంచున, చీలమండ దగ్గర తిమ్మిరి నెలల తరబడి మిగిలిపోవచ్చు. స్థానిక మత్తులో ఉన్న రోగి నొప్పి పాదం వైపు చిమ్మినట్లు అనిపించిన క్షణమే చెప్పగలడు, వైద్యుడు ఆగి మరికొంత ద్రవం నింపగలడు. వెన్ను మత్తులో ఆ హెచ్చరిక అందదు.

అలాగని ఇది నొప్పి లేని ప్రక్రియ అని చెప్పడం సత్యం కాదు. గోడల మీద, ఫోన్ తెరల మీద కనిపించే ‘నొప్పి లేని లేజర్’ ప్రకటనలు ద్రవం నింపేటప్పుడు తొడ పొడవునా పలుచోట్ల గుచ్చుకునే సూదుల ప్రస్తావన తేవు. ఆ కొద్ది నిమిషాలే ఈ ప్రక్రియలో అత్యంత ఇబ్బందికరమైన భాగం; తరువాత వేడి చేసేటప్పుడు చాలామందికి ఒత్తిడి, లాగినట్లు ఉండటం తప్ప మరేమీ తెలియదు. సూదులంటే బాగా భయపడేవారికి మిడజోలామ్, ఫెంటనిల్ వంటి మందులతో తేలికపాటి నిద్రమత్తు కలిపి ఇవ్వవచ్చు. అప్పుడు రోగి పిలిస్తే పలికే స్థితిలోనే ఉంటాడు. కాని ఊపిరి మందగించే అవకాశం ఉన్నందున, గుండె వేగాన్ని, ఆక్సిజన్‌ను ఎడతెగక గమనించే మనిషి ఒకరు విడిగా ఉండాలి. లేజర్ నడుపుతున్న వైద్యుడే ఆ పని కూడా చూసుకోవడం సరైన ఏర్పాటు కాదు.

లిడోకెయిన్ మోతాదు గురించి కొంత లెక్క తెలిసి ఉండటం మంచిది. మామూలుగా ఇంజెక్షన్ చేసేటప్పుడు అడ్రినలిన్ కలిపిన లిడోకెయిన్‌కు కిలో శరీర బరువుకు 7 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా పాటిస్తారు. 60 కిలోల మనిషికి ఇది 420 మిల్లీగ్రాములు. పలుచన చేసి కొవ్వు పొరలో నింపినప్పుడు మందు రక్తంలోకి మెల్లగా చేరుతుంది కాబట్టి, కొవ్వు తొలగించే శస్త్రచికిత్సలో కిలోకు 35 మిల్లీగ్రాముల దాకా భద్రమని క్లైన్ 1990లో తెలిపాడు. ఆ శస్త్రచికిత్సలో నింపిన మందులో కొంత భాగం కొవ్వుతో పాటు బయటికి వస్తుంది. సిరల చికిత్సలో అలా రాదు. అందుకే కొవ్వు తీయని సందర్భాలకు పరిమితిని కిలోకు 28 మిల్లీగ్రాములుగా 2016 నాటి పరిశోధనలో సూచించారు. లీటరుకు ఒక గ్రాము చొప్పున కలిపిన ద్రవాన్ని ఒక కాలికి 400 మిల్లీలీటర్లు వాడితే చేరేది 400 మిల్లీగ్రాములే గనుక, సగటు శరీరం ఉన్నవారికి ఇది చాలా లోపలి లెక్కే. రెండు కాళ్ళకూ ఒకే రోజు చేయాలన్నా, రోగి బరువు బాగా తక్కువైనా, కాలేయ వ్యాధి ఉన్నా మోతాదును ముందుగా లెక్క కట్టి, ద్రవాన్ని మరింత పలుచన చేయడమో, రెండవ కాలిని మరో రోజుకు వాయిదా వేయడమో ఉచితం. మందు మోతాదు మించితే పెదవుల చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు, మాట తడబడటం మొదటి సూచనలు. ముదిరితే మూర్ఛ, గుండె లయ తప్పడం సంభవిస్తాయి. రక్తంలో మందు స్థాయి గంటలు గడిచిన తరువాత పతాకస్థాయికి చేరుతుంది కాబట్టి, ఇంటికి వెళ్ళిన రోగి కూడా ఈ సూచనలను తెలిసి ఉండాలి. దీనికి విరుగుడుగా వాడే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అనే కొవ్వు ద్రావణం చికిత్స జరిగే చోట సిద్ధంగా ఉన్నదా అని అడగడం అతి జాగ్రత్త కాదు.

పంటి వైద్యుని దగ్గర మత్తు ఇంజెక్షన్ తీసుకున్నప్పుడు గుండె దడ వచ్చిందన్న జ్ఞాపకంతో తమకు ఈ మందు పడదని చెప్పేవారు ఉంటారు. లిడోకెయిన్‌కు నిజమైన అలర్జీ చాలా అరుదు. ఆ దడ ఎక్కువగా అడ్రినలిన్ వలన గాని భయం వలన గాని కలిగినదై ఉంటుంది. అయినా ఆ సంగతిని దాచకుండా చెప్పాలి. అదుపులో లేని రక్తపోటు, గుండె లయ దోషాలు, థైరాయిడ్ ఉధృతి ఉన్నవారికి అడ్రినలిన్ లేకుండానే ద్రవం తయారు చేయవచ్చు.

వెన్ను మత్తు

తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతటా నడుము దిగువ శస్త్రచికిత్సలకు ఎక్కువగా వాడేది ఇదే. వాడుకలో దీనిని ‘నడుముకు ఇచ్చే మత్తు’ అంటారు. రోగిని కూర్చోబెట్టి గాని, పక్కకు తిప్పి పడుకోబెట్టి గాని, నడుము దగ్గరి మూడవ, నాలుగవ వెన్నుపూసల మధ్య సన్నని సూదిని పంపి, నాడుల చుట్టూ ఉండే ద్రవంలోకి కొద్ది మిల్లీలీటర్ల మందును వదులుతారు. పెద్దవారిలో వెన్నుపాము ఆ స్థాయికి పైననే ముగుస్తుంది కాబట్టి, సూది వెన్నుపాముకు గుచ్చుకుంటుందన్న భయానికి ఆధారం లేదు. సాధారణంగా వాడే మందు గ్లూకోజ్ కలిపి బరువెక్కించిన బ్యుపివకెయిన్. కొద్ది నిమిషాల్లో కాళ్ళు వెచ్చబడి, బరువెక్కి, కదలకుండా పోతాయి. రెండు మూడు గంటల పాటు నొప్పి తెలియదు గాని, ముట్టుకోవడం, లాగడం లీలగా తెలుస్తూనే ఉంటాయి. ఈ సంగతి ముందే తెలియని రోగి, మత్తు పనిచేయలేదేమోనని కంగారు పడతాడు.

గజ్జ దగ్గర కోతతో చేసే స్ట్రిప్పింగ్‌కు, సిరల మెలికలు తొడ నుంచి పాదం దాకా విస్తరించి ఎన్నో చిన్న కోతలతో తొలగించవలసి వచ్చినప్పుడు, ఇది చక్కని ఎంపిక. నాడుల బిగింపు సడలి సిరలు వెడల్పవుతాయి కాబట్టి, సన్నని సిరలోకి గొట్టం పంపడం కూడా సులువవుతుంది. బరువైన మందు కిందికి దిగే గుణం ఉన్నది గనుక, శస్త్రచికిత్స చేయవలసిన కాలు కింద ఉండేలా రోగిని పక్కకు పడుకోబెట్టి, తక్కువ మోతాదు ఇచ్చి పది పదిహేను నిమిషాలు అలాగే ఉంచితే, ఎక్కువగా ఆ ఒక్క కాలికే మత్తు పట్టేలా చేయవచ్చు. దీనివల్ల రక్తపోటు పడిపోవడం, మూత్రం ఆగిపోవడం తగ్గుతాయి. సమయం పట్టే పద్ధతి కావడం వలన రద్దీ థియేటర్లలో దీని జోలికి అంతగా పోరు. అయినా ఒక్క కాలికే చికిత్స చేయించుకునేవారు దీని గురించి అడగవచ్చు.

వెన్ను మత్తులో తరచు కనిపించే ఇబ్బంది రక్తపోటు తగ్గడం. సెలైన్‌తోను, మెఫెంటెర్మిన్ వంటి మందులతోను దీనిని వెంటనే సరిదిద్దుతారు. ప్రోస్టేట్ పెరిగిన వృద్ధులలో మూత్రం ఆగి, కొన్ని గంటలు గొట్టం వేయవలసి రావచ్చు. ఇక తలనొప్పి. సూది చేసిన రంధ్రం గుండా ద్రవం ఊరడం వలన వచ్చే ఈ తలనొప్పి కూర్చున్నా, నిలుచున్నా పెరిగి, పడుకుంటే తగ్గుతుంది, యువతులలో ఎక్కువ. 1898లో ఈ మత్తును మొదట శస్త్రచికిత్సకు వాడిన జర్మన్ సర్జన్ ఆగస్ట్ బీర్, దానిని తన మీదనే పరీక్షించుకోబోయి, రోజుల తరబడి ఇదే తలనొప్పితో మంచం పట్టాడు. నాటి సూదులకు, పెన్సిల్ మొన వంటి నేటి సన్నని సూదులకు పోలిక లేదు. ఈ ఇబ్బంది ఇప్పుడు బాగా తగ్గింది, వచ్చినా ఎక్కువ మందిలో ఒకటి రెండు వారాలలో పోతుంది. పోకపోతే రోగి రక్తాన్నే కొద్దిగా తీసి వెన్ను దగ్గర ఎక్కించి ఆ రంధ్రాన్ని మూసే చికిత్స ఉన్నది.

తలనొప్పి రాకుండా ఇరవై నాలుగు గంటలు దిండు లేకుండా కదలకుండా పడుకోవాలన్న నమ్మకం మన ఇళ్ళలోనే కాదు, కొన్ని వార్డులలో కూడా నేటికీ గట్టిగా ఉన్నది. అలా పడుకోవడం వలన తలనొప్పి రాకుండా పోదని పరిశోధనలు తేల్చాయి. సిరల శస్త్రచికిత్స విషయంలో ఈ ఆచారం నిష్ప్రయోజనమే కాక హానికరం కూడా, ఎందుకంటే ఈ చికిత్స తరువాత లోతైన సిరలలో రక్తం గడ్డకట్టకుండా కాపాడే ప్రధాన సాధనం వీలైనంత త్వరగా లేచి నడవడమే. కాళ్ళలో పట్టు పూర్తిగా తిరిగి రాగానే, మొదట మరొకరి ఆసరాతో రోగిని నడిపించాలి. ప్రేమతో మంచం దిగనివ్వని బంధువులకు ఈ మాట ముందే చెప్పి ఉంచడం మంచిది.

నడుముకు మత్తు ఇస్తే జీవితాంతం నడుము నొప్పి మిగులుతుందన్నది మరో భయం. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు సలపడం నిజమే. దీర్ఘకాలిక నడుము నొప్పికి మాత్రం ఈ మత్తు కారణమని పరిశోధనలు నిరూపించలేదు. ఈ దేశంలో నడుము నొప్పి, ఉబ్బు సిరలు, ప్రసవాలు తరచు ఒకే స్త్రీలో కలిసి ఉండటం ఆ నమ్మకాన్ని నిలబెడుతున్నది.

పూర్తి మత్తు, నాడీ మత్తు

పూర్తి మత్తులో ప్రొపోఫాల్ వంటి మందును సిరలోకి ఇచ్చి రోగిని నిద్రపుచ్చి, గొంతులో గొట్టం అమర్చి, సెవోఫ్లురేన్ వంటి వాయువుతో ఆ నిద్రను నిలుపుతారు. హైదరాబాద్‌కు మత్తు శాస్త్ర చరిత్రలో ఒక స్థానం ఉన్నది: నిజాం ఆర్థిక సహాయంతో, సర్జన్ ఎడ్వర్డ్ లారీ చొరవతో 1888లోను, 1889లోను అప్పటి మత్తుమందైన క్లోరోఫామ్‌పై ఇక్కడ రెండు కమిషన్లు పనిచేసి, మత్తులో ముందుగా ఆగేది ఊపిరేనని, గుండె కాదని తీర్పు చెప్పాయి. క్లోరోఫామ్ గుండెను నేరుగా ఆపగలదని తరువాతి పరిశోధనలు రుజువు చేయడంతో ఆ తీర్పు నిలవలేదు. నేటి థియేటర్‌లో ఊపిరిని, గుండెను, ఆక్సిజన్‌ను, బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను క్షణక్షణం కొలిచే మానిటర్లు ఉండటం వలన, ఆరోగ్యవంతునికి పూర్తి మత్తు నేడు ఎంతో సురక్షితమైనది.

సురక్షితమైనంత మాత్రాన అవసరమని కాదు. రెండు కాళ్ళకూ విస్తృతమైన శస్త్రచికిత్స, గతంలో కోత పడిన గజ్జను మళ్ళీ తెరవవలసి రావడం, వెన్ను మత్తు ఇవ్వకూడని స్థితి, ఎంత చెప్పినా తగ్గని తీవ్రమైన భయం వంటి సందర్భాలలో ఇది సరైనది. గుట్కా, ఖైనీ అలవాటు వలన నోరు పూర్తిగా తెరుచుకోనివారికి గొట్టం వేయడం కష్టమవుతుంది. చుట్ట, బీడీ తాగేవారిలో, ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ (చుట్ట మండే కొసను నోట్లో ఉంచి తాగడం) అలవాటున్న స్త్రీలలో కఫం, దగ్గు, ఊపిరితిత్తుల ఇబ్బంది ఎక్కువ కావచ్చు. గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగే లక్షణం ఉన్న స్థూలకాయులకు కూడా స్థానిక మత్తే మేలు.

తొడ పైభాగాన ఫెమొరల్ నాడి చుట్టూ మందు ఇచ్చే నాడీ మత్తు వెన్ను మత్తు కుదరనివారికి ఉపయోగపడుతుంది. అయితే మోకాలిని నిలిపే కండరం కూడా కొన్ని గంటలు సడలిపోతుంది కాబట్టి, నడవబోయి పడిపోయే ప్రమాదం ఉన్నది. మధుమేహం వలన పాదాలలో ముందే తిమ్మిరి ఉన్నవారి విషయంలో, ఏ మత్తు ఇచ్చినా ఆ తిమ్మిరి ఎంతవరకు ఉన్నదో ముందుగా పరీక్షించి రాసి పెట్టించుకోవాలి; లేకపోతే తరువాత ఆ తిమ్మిరి దేనివల్లనో ఎవరికీ తెలియదు.

మత్తు వైద్యునికి చెప్పవలసినవి, అడగవలసినవి

శస్త్రచికిత్సకు కనీసం కొద్ది రోజుల ముందు మత్తు వైద్యుని కలవడం ఆచారంగా కాక అవసరంగా భావించాలి. అన్నింటికంటె ముఖ్యంగా చెప్పవలసినది రక్తం పలుచబడేందుకు వాడే మందుల గురించి. గుండెకు స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్ వాడేవారికి వెన్ను మత్తు ఇవ్వాలంటే ఆ మందును 5 నుంచి 7 రోజుల ముందు, రివరోక్సబాన్, అపిక్సబాన్ వాడేవారు సుమారు 3 రోజుల ముందు ఆపవలసి ఉంటుంది. లేకపోతే వెన్ను లోపల రక్తం చేరి నాడులను నొక్కే ప్రమాదం ఉన్నది. ఆస్పిరిన్ ఒక్కటే వాడుతుంటే అది వెన్ను మత్తుకు అడ్డు కాదు. గుండె వైద్యుని అనుమతి లేకుండా రోగి తనంతట తాను ఈ మందులను ఆపడం మత్తు కంటె ఎన్నో రెట్లు ప్రమాదకరం. ట్యూమెసెంట్ మత్తుతో చేసే వేడి చికిత్సకు సాధారణంగా వీటిని ఆపనవసరం ఉండదు. స్టెంటు ఉన్న రోగికి ఆ చికిత్సను సూచించడానికి ఈ ఒక్క కారణమే చాలు.

మధుమేహానికి డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారు పూర్తి మత్తుకు గాని వెన్ను మత్తుకు గాని 3 రోజుల ముందు వాటిని ఆపవలసి ఉంటుంది. బరువు తగ్గడానికి గాని మధుమేహానికి గాని సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు తీసుకునేవారి కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది కనుక ఆ సంగతి చెప్పి తీరాలి. ఆయుర్వేద మందులు, చెట్ల మందులు కూడా మందులే. పూర్తి మత్తుకైనా, వెన్ను మత్తుకైనా తేలికపాటి భోజనం 6 గంటల ముందు, నూనె, మాంసం ఉన్న భోజనం 8 గంటల ముందు ముగించాలి. మంచినీళ్ళు 2 గంటల ముందు వరకు తాగవచ్చు. పాలు కలిపిన కాఫీ, టీ, మజ్జిగ మంచినీళ్ళ లెక్కలోకి రావు, ఈ విషయంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. నిద్రమత్తు కలపని స్థానిక మత్తుకు ఉపవాసం సాధారణంగా అక్కరలేదు. గర్భిణులు ఈ శస్త్రచికిత్స ఆలోచనను ప్రసవం తరువాతి నెలలకు వాయిదా వేసుకోవాలి. ఉబ్బిన సిరలలో కొన్ని అప్పటికి వాటంతటవే తగ్గుతాయి.

అడగవలసిన ప్రశ్నలు కొన్నే. సిరకు చేయబోయేది స్ట్రిప్పింగా, వేడి చికిత్సా అన్నది మొదటిది. వేడి చికిత్స అయితే, స్థానిక మత్తుతో ఎందుకు చేయడం లేదన్నది రెండవది. ‘మీ సిర మెలికలు ఎక్కువ’, ‘రెండు కాళ్ళకూ ఒకేసారి చేస్తున్నాం’, ‘మీరు సూదులు భరించలేనన్నారు’ అన్నవి న్యాయమైన జవాబులు. ‘ఇక్కడ అందరికీ నడుముకే ఇస్తాం’ అన్నది జవాబు కాదు. అది ఆ ఆసుపత్రి సౌకర్యం. అప్పుడు మరో సర్జన్ అభిప్రాయం తీసుకునేందుకు వ్యవధి ఈ వ్యాధిలో ఎప్పుడూ ఉంటుంది. మత్తు ఏదైనా, అది ఇవ్వకముందే రోగిని నిలబెట్టి ఉబ్బిన సిరల వెంట చర్మం మీద గుర్తులు పెట్టాలి, ఎందుకంటే పడుకోగానే అవి ఖాళీ అయి కనిపించకుండా పోతాయి.

విదేశాలలో స్థిరపడి సెలవులకు వచ్చినప్పుడు ఈ చికిత్స చేయించుకునేవారు తిరుగు ప్రయాణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. గంటల తరబడి విమానంలో కదలకుండా కూర్చోవడం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతుంది కనుక, శస్త్రచికిత్సను సెలవుల చివరి వారానికి కాక మొదటి వారానికి ఏర్పాటు చేసుకోవాలి. ఎన్నాళ్ళకు ప్రయాణించవచ్చో సర్జన్‌ను ముందే అడగాలి. స్థానిక మత్తుతో చికిత్స పొందిన వ్యక్తి బిగుతు మేజోడు తొడుక్కుని అదే గంటలో ఆసుపత్రి వరండాలో నడవగలడు, అదే రోజు ఇంటికి చేరగలడు. వెన్ను మత్తు తీసుకున్నవారు కాళ్ళ పట్టు వచ్చి, మూత్రం పోసిన తరువాతే ఇంటికి పోవాలి. పూర్తి మత్తు గాని నిద్రమత్తు గాని పొందినవారు ఆ రోజంతా బండి నడపకూడదు, ముఖ్యమైన పత్రాల మీద సంతకం చేయకూడదు, రాత్రి ఒంటరిగా ఉండకూడదు.